అత్తమ్మ పాన్‌దాన్, అమ్మ చింతపండు

మా అమ్మ కంటపడిన లోహం నల్లగా ఉండడానికి వీల్లేదు. మా పుట్టింట్లో, సంతపూర్‌లో, రాగి బిందె, ఇత్తడి చెంబు, దేవుడి గంట, ఏదైనా సరే, చింతపండులో గుప్పెడు ఉప్పు కలిపి రుద్దితే గాని ఆమెకు అన్నం సహించదు. పులుపుకు ఉప్పు తోడైతే రాగి మీది చిలుము కరిగిపోతుందని పదో తరగతికి ఏటా నేనే పాఠం చెబుతాను. ఆ పాఠం నా కొంపే ముంచుతుందని అనుకోలేదు.

కిందటేడు అమ్మ బీదర్‌లోని మా ఇంటికి వచ్చింది. అత్తమ్మ ఏదో పనిమీద ఔరాద్ వెళ్లింది. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో కూర్చుని అత్తమ్మ పాన్‌దాన్ తోముతోంది. తమలపాకులు, వక్కలు దాచుకునే నల్లటి బిద్రి పెట్టె, జింకు మీద పొదిగిన వెండి తీగల పూలు. పెళ్లయిన కొత్తలో మామయ్య కొనిచ్చాడు. ఆయన పోయాక అత్తమ్మ దాన్ని ఎవరినీ తాకనివ్వదు, తనే కొబ్బరినూనె గుడ్డతో తుడుచుకుంటుంది.

"ఎంత మసి పట్టింది బిడ్డా! తోమి తోమి రెక్కలు పడిపోయినయ్."

"అమ్మా, అది మసి కాదే! బీదర్ కోట మట్టితో కావాలని ఎక్కించిన నలుపు!"

లోపలి జింకు బూడిదరంగులో బయటపడింది. వెండి పూలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. అమ్మ ముఖం అంతకంటే పాలిపోయింది. "మీ అత్తకు ఏ ముఖం వెట్టుకొని కనవడాలె? ఇగ నీ ఇంటి గడప తొక్క," అంటూ సంచి సర్దుకుంది. నాకు కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. అమ్మ గడప దాటేలోపే అత్తమ్మ వచ్చేసింది.

పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "సంచి పక్కకు వెట్టు వదినె. పొద్దుగాల బిద్రి దుకాన్‌కు పోదాం," అంది.

మర్నాడు దుకాణంలో పనివాడు కోట మట్టిలో నవసాగరం కలిపి, వేడిచేసిన పెట్టెకు పూశాడు. కడిగేసరికి జింకు నల్లబడింది, వెండి మాత్రం తళతళలాడింది. నవసాగరం కూడా ఒక లవణమే, వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. ఉప్పు ఊడ్చుకుపోయిన నలుపును దాని చుట్టం తెచ్చిచ్చిందని చెప్పబోతే ఇద్దరూ నన్ను కసిరారు.

మూత అందుకోబోయిన పనివాణ్ణి అత్తమ్మ ఆపింది. "మూత అట్లనే ఉండనియ్యి. అది మా వదినె తోమింది."

ఇప్పుడు అమ్మ వచ్చినప్పుడల్లా ఆ మూత ఒక్కటే తోముతుంది. చింతపండు అత్తమ్మే నానబెట్టి ఇస్తుంది.