బెల్లం మట్టయ్యే ఆకు

వేంపల్లెలో అనసూయమ్మ అంగడిలో కాటా పక్కన ఎప్పుడూ ఓ బెల్లం అచ్చు ఉంటుంది. చీమలు పట్టినా సరే, దాన్ని అక్కణ్ణుంచి కదపనివ్వదు. పొడపత్రి మూట వచ్చిందంటే రెండాకులు తీసి బాగా నమిలి, వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకుంటుంది. తియ్యగా ఉందా, మూట వెనక్కి పోయినట్టే. మట్టి తిన్నట్టుందా, కాటాకెక్కుతుంది. అసలైన పొడపత్రి నాలుక మీది తీపిని చంపేస్తుంది మరి! షుగరు జబ్బుకు వాడేది దాన్నే. మొగుడు పోయినప్పటినుంచీ, అంటే ముప్పై ఏళ్లుగా, ఇదే వరస. ఆకు వచ్చిన రోజు కాఫీ కూడా ఆమెకు బురదనీళ్లే. ఖర్మ అని విసుక్కుంటూనే తాగేస్తుంది.

ఆమెకు ఇంకో పట్టింపు కూడా ఉంది. ఆకు దూసుకోవాలి గానీ తీగను ముట్టకూడదు. పూత మీదున్న తీగ జోలికి అసలే పోకూడదు. కొండ కింద కంచెల మీద ఆకు కోసే పన్నెండు మంది ఆడవాళ్లకు కృపమణి పెద్ద. ఒక ఏడు ఆమె మూటలో వేళ్లతో సహా పీకిన తీగలు కనబడ్డాయి. అనసూయమ్మ ఆ మూటను ఎత్తి నడివీధిలో పారేసింది. "తీగ పీకినావంటే నా అంగడి మెట్టెక్కొద్దు మే!" అని వీధంతా వినబడేలా అరిచింది. కృపమణి నెల రోజులు అలిగింది. మళ్లీ వచ్చిన మూటలో ఒక్క వేరు లేదు.

మూడేళ్ల నుంచి ఆ ఆకంతా అనసూయమ్మ అన్న కొడుకు రాఘవేంద్రప్రసాద్ కొంటున్నాడు. హైదరాబాదులో క్యాప్సూళ్లు చేసే కంపెనీలో అతను ఆఫీసరు. ఈ ఏడు క్యాప్సూల్ పెట్టె మీద అత్త ఫొటో వేయించాడు. కింద "తీగ పీకని ఆకు, అన్యాయం లేని మందు" అని పెద్ద అక్షరాలు. అబ్బ, అనసూయమ్మ మురిసిపోయింది! ఖాళీ పెట్టె పట్టుకుని వీధిలో ప్రతి గడపా ఎక్కి చూపించింది.

తర్వాత కడప హోటల్లో డీలర్ల మీటింగు పెట్టి, అత్తను మాట్లాడమని పిలిచాడు. ఆమె కృపమణిని వెంటబెట్టుకుని, సంచిలో కాసిన్ని ఆకులూ బెల్లమూ వేసుకుని వెళ్లింది. కుర్చీ కుర్చీకీ ఒక మందు పెట్టె పెట్టారు. చెయ్యి ఊరుకుంటుందా? ఒక క్యాప్సూల్ విప్పి పొడి నాలుక మీద వేసుకుంది. కాసేపు అలాగే ఉంచి బెల్లం కొరికింది.

తియ్యగా ఉంది.

ఇంకొకటి విప్పింది. అదీ అంతే. పెట్టె మీద తన మొహం తననే చూసి నవ్వుతోంది. అనసూయమ్మకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. ప్రసాద్‌ను పక్కకు లాక్కుపోయింది.

"ఇది నా ఆకు కాదప్పా. ఏం కలిపినారు?"

"మెల్లగా అత్తా! నువ్వు పంపే ఆకు మాకు ఏ మూలకొస్తాది? మిగతాది యాడాడనుంచో వస్తాది. కొందురు తీగలు పీకి తెస్తారు, కొందురు వేరే ఆకు కలుపుతారు. ఎవురు చూస్తారు?"

"మరి నా మొగం ఎందుకేసినావు?"

"జనం నమ్మాల గదా."

"ఓహో! నమ్మిచ్చేదానికి నేను, ముంచేదానికి నువ్వా?"

ప్రసాద్ గొంతు మారింది. "ఈపొద్దు నువ్వు నోరు జారితే రేపటినుంచి మీ ఆకు మాకొద్దు. ఆ పన్నెండు మందికి నువ్వే జవాబు చెప్పుకో."

అనసూయమ్మ మనసులో లెక్క వేసుకుంది. తన సంగతి ఎట్లాగైనా గడుస్తుంది. కృపమణి వాళ్ల పొయ్యి? తల తిప్పి చూస్తే కృపమణి వెనకే నిలబడి ఉంది. అంతా వినింది.

"నన్నేం చూస్తాండావు శెట్టెమ్మా? ఆపొద్దు నా మూట నడీదిలో పారేసినావు గదా. ఈపొద్దు నీ అన్న కొడుకు మూటని పారేసేదానికి చేతులు రాల్యాదా?"

ఇంకేముంది! అనసూయమ్మ వేదిక ఎక్కింది. మైకు ఆమె చేతికి వచ్చింది. "అందురూ ఒక్కో క్యాప్సూల్ విప్పి పొడి నాలిక మింద ఏసుకోండి" అంది. కృపమణి వరస వరసకూ బెల్లమూ ఆకులూ పంచింది.

"తియ్యగుండాదా?"

"ఉండాది" అన్నారు.

"ఇప్పుడు నా ఆకు నమలండి. మళ్లా బెల్లం తినండి."

డీలర్ల మొహాలు ఒక్కసారిగా వికారంగా మారాయి. ఒకాయన తుపుక్కున ఉమ్మేశాడు. "మట్టమ్మా ఇది!"

"అది పొడపత్రంటే! పెట్టెలో ఉండేది నాది కాదు. రేపు పొద్దునకల్లా నా మొగం ఆ పెట్టె మింద ఉండకూడదు. ఉంటే ఊరూరా తిరిగి బెల్లం పంచుతా."

ప్రసాద్ మైకు లాక్కునేలోపు ఆమె మెట్లు దిగేసింది. ఆమె మెళ్లో వెయ్యాలని తెప్పించిన దండ బల్ల మీదే ఉండిపోయింది.

బస్టాండుకు వచ్చి ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. రేపు వచ్చే మూట ఎవరు కొంటారో ఇద్దరికీ తెలియదు. వేదిక కింద డీలర్లతోపాటు తనూ ఆకు నమిలిన కృపమణి, హోటల్లో ఇచ్చిన మిఠాయి పొట్లం విప్పి లడ్డు కొరికింది. మొహం చిట్లించింది.

"థూ! మట్టి తిన్నట్టుండాది శెట్టెమ్మా."

అనసూయమ్మ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

"ఉండాల మే. అది మన ఆకు."