యాకోబు చేతిలో అంగీ వరకే

మంగళవారం. వేడిగాలి, దుమ్ము. పొద్దున డ్యూటీకి ముందు నీళ్ళ డ్రమ్ము కడిగి నింపాను. మా పాటల మాస్టారు పోయారని మధ్యాహ్నం తిండికి రూమ్‌కు వచ్చినప్పుడు తెలిసింది. సెలవు మీద గోదావరి వైపు తన ఊరికి వెళ్ళారు, అక్కడే నిద్రలో పోయారట. ఆయనతో ఆసుపత్రిలో పనిచేసే సిస్టరు మా గుమ్మం బయటే నిలబడి చెప్పి వెళ్ళింది.

రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం నా అలవాటు. ఇవాళ్టివి మాత్రం మన చేతిరాత పత్రిక చదివే మీ కోసం.

మాస్టారు బడిపంతులు కాదు. ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టేవారు. ఆదివారం ఈ గల్ఫ్ దేశంలో పనిరోజు కాబట్టి వాళ్ళ ప్రార్థన శుక్రవారమే జరిగేది. అది ముగించుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, వాడి కబీర్ అనే పేటలో ఉన్న మా రూమ్‌కు వచ్చేవారు. అన్నం గిన్నె మూత తిరగేసి తాళం వేస్తూ తాను కట్టిన పాటలు పాడేవారు. ఒక వారం మోషే, ఒక వారం హరిశ్చంద్రుడు. నిజామాబాద్, కరీంనగర్ నుంచి కట్టడం పనికి వచ్చిన మేమంతా వంత పాడేవాళ్ళం. నేను అక్షరాలు కూడబలుక్కున్నది కూడా ఆ సంచిలోని బైబిలులోనే.

నాకు ఒకటే అసంతృప్తి. ఒకరోజు అడిగేశాను.

"ఎప్పటి రాజులు, ఎప్పటి ప్రవక్తలు మాస్టారూ. మన సైట్ మీద ఒక్క పాట కట్టొచ్చు గదా?"

"కడితే పాడతావా?"

"పాడకుంటే ఆ మూత నేనే తోముత."

"అది ఎలాగూ నీ వంతేగా" అని నవ్వారు.

ఆ రోజుల్లోనే మా రూమ్‌లోని మల్లయ్యకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఆరేళ్ళ కొడుకు జ్వరంతో పోయాడు. ఉత్తరం చేరేసరికి అన్నీ అయిపోయాయి. కొడుకు కోసం కొన్న ఎర్రచారల అంగీ ట్రంకుపెట్టెలోనే ఉంది. మల్లయ్య ఏడవలేదు. సైట్లో పరంజా మీద పని ఆపి, కిందికి చూస్తూ నిలబడేవాడు. మాకు భయం పట్టుకుంది. ఒక్కసారి ఏడిస్తే చాలనుకున్నాం. అతని మీదే పాట కట్టమని మాస్టారుతో అన్నది నేనే.

శుక్రవారం పాటలో మల్లయ్య పేరుంది, కొడుకు పేరుంది, మా పరంజా ఉంది. వంతకు ఒక్క గొంతు లేవలేదు. మల్లయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నా పోరని పేరు మూత మీద కొడుతున్నవా సారూ?" అని బయటికి పోయాడు.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు.

"పుండు మీద దూది నేరుగా పెట్టేశానయ్యా, అంటుకుపోయింది. మధ్యలో మందు రాసిన గుడ్డ ఉండాలి. రోజూ చేసే పనే మర్చిపోయాను."

మరుసటి శుక్రవారం బైబిలులోని యాకోబు పాట తెచ్చారు. తమ్ముణ్ణి మృగం తినేసిందని కొడుకులు తెచ్చి చూపిన రక్తపు అంగీని ముసలితండ్రి చేతుల్లోకి తీసుకుంటాడు, ఇది నా కొడుకుదే అంటాడు. గోడవైపు తిరిగి పడుకున్న మల్లయ్య మూడో చరణానికి లేచి కూర్చున్నాడు.

"ఆ ముసలాయన కొడుకును సూడనే లేదా సారూ?"

"లేదయ్యా. అంగీనే చూశాడు."

మల్లయ్య ట్రంకుపెట్టె తెరిచాడు. ఎర్రచారల అంగీ ముఖానికి అదుముకుని ఏడ్చాడు. మాస్టారు తాళం ఆపలేదు, మేం వంత ఆపలేదు. కాసేపటికి అందులో మల్లయ్య గొంతు కూడా కలిసింది.

ఆ రాత్రి మాస్టారిని సాగనంపుతూ అడిగాను. "ఆ కొడుకు బతికే ఉంటడు గదా మాస్టారూ. చివరికి తండ్రీకొడుకులు కలుస్తరు. ఆ ముచ్చట పాడలేదేంది?"

"అక్కడిదాకా పాడితే మల్లయ్య ఒంటరివాడైపోడూ? అంగీ వరకే చాలు."

పాటలు కట్టేవాళ్ళు పాత కథల దగ్గరికి ఎందుకు పోతారో నాకు ఆ రోజు తెలిసింది. సొంత మాట లేక కాదు. నలుగురిలో తన పేరు వింటే మనిషి ముడుచుకుపోతాడు. యాకోబు పేరు వింటే ధైర్యంగా ఏడుస్తాడు. ఎంత చదువుకున్నవాళ్ళు కాదన్నా నేను ఒప్పుకోను.

ఇవాళ వంట వంతు నాది. బియ్యం కడిగి ఎసట్లో పోశాను. మాస్టారు పోయిన సంగతి మల్లయ్యకు చెప్పాను. మాస్టారి ఉంగరం తగిలి సొట్టపడిన ఆ మూతను ఒళ్ళో తిరగేసుకుని, యాకోబు పాట మెల్లగా తీశాడు. మూడో చరణంలో ఉన్నాడు. ఎసరు పొంగుతోంది, గంజి వార్చడానికి మూత అడగాలి, కానీ నేను వంత అందుకున్నాను.