ఆత్మకూరులో పారబోసిన పసుపు నీళ్లు

మద్రాసు నుంచి వచ్చిన ఆ ఉత్తరంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. వాటి కోసమే ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు రెండోసారి బయలుదేరాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. అంతకు నాలుగేళ్ల కిందట నెల్లూరులో నా గర్భసంచి తీసేశారు. అది పోయినా యోని లోపలి చర్మానికి క్యాన్సరు రావచ్చని, అక్కడి తడిని గాజుపలక మీద రాసి పరీక్ష చేయించాలని ఆత్మకూరుకు గురువారాలు వచ్చే డాక్టరమ్మ చెప్పి, పలక మద్రాసు పంపింది. జవాబు ఇది: కొన్ని కణాల రూపం మారింది. పసుపు మరకల వల్ల మిగిలినవి సరిగా కనబడలేదు. క్యాన్సరని చెప్పలేము, కాదనీ చెప్పలేము. మళ్లీ చూడాలి.

పసుపు ఎక్కడిదంటారా? మా వైపు ఆడవాళ్లు డాక్టరు ముందుకు పోవాలంటే వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్లతో లోపలిదాకా కడుక్కునే పోతారు. అది మర్యాద. నాకు ఆ నీళ్లు కాచి ఇచ్చింది మా అత్త, ఆ గిన్నె మా ఇంట్లో రోజూ పొయ్యి మీద ఉండేదే. ఉత్తరం చదివి వినిపిస్తే, చెక్క గరిటెలు చెక్కుతున్న మా ఆయన తల కూడా ఎత్తకుండా "పసుపు వల్లనే కదా, ఇంకేం లేదులే" అన్నాడు. "పసుపు మరకకు రాచపుండని పేరు పెడితే ఎట్టమ్మే?" అంది అత్త. రెండు రోజులు నేనూ అదే నమ్మాను, నమ్మితే హాయిగా ఉంది మరి. మూడో రోజు అంట్లు తోముతుంటే తట్టింది. పసుపు అడ్డం పడి కనబడని కణాల సంగతి సరే, కనబడి మారిన వాటి సంగతేమిటి? నాకు నలభై రెండేళ్లు. పెళ్లి కావలసిన పిల్లలు, కోయవలసిన కంది చేను ఉన్నాయి, చావడానికి తీరిక లేదు. గురువారం పోతున్నానని చెప్పేశాను. ఒంటరిగా పంపనని అత్త కూడా సంచీ సర్దింది.

నెల్లూరు బస్సు పొద్దున ఆరుకు ఉదయగిరిలో బయలుదేరుతుంది. ఆత్మకూరుకు మనిషికి రూపాయి పావలా, దారి బాగుంటే రెండున్నర గంటలు. వెనక సీట్ల జోలికి పోకండి, గుంటల్లో నడుము విరుగుతుంది. డ్రైవరే మమ్మల్ని చూసి "పెద్దమ్మను ముందర కూర్చోబెట్టుకోమ్మా. ఆస్పత్రికేనా? ఎవురికి బాగలేదు?" అన్నాడు. "నాకే" అన్నాను. "నువ్వు గట్టిగానే ఉండావు కదమ్మా!" అన్నాడు. గట్టిగా ఉన్నప్పుడే పోవాలని నా లెక్క. ఉదయగిరి కోటకొండ వెనక్కి పోయింది, ఆత్మకూరు వచ్చేదాకా అత్త సంచీని ఒళ్లోంచి దించలేదు, ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

ఆత్మకూరులో దిగి బస్సులు ఆగే చోటి పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. వంట చేసే ఆవిడ మంచిది, వెనక స్నానాల దడి వాడుకోమంది. నేను కాళ్లు కడుక్కుంటుంటే అత్త సంచీలోంచి సీసా తీసింది. అవే నీళ్లు!

"గబాల్న కడుక్కో. ఎవురికీ చెప్పబాక."

"అత్తా, దీని వల్లనే కదా ఇంత దూరం మళ్లీ వచ్చింది?"

"మురికితో పోతే ఆయమ్మ మనల్ని ఏమనుకుంటాది? మన పరువేం కావాల?"

"నా ప్రాణం కంటే పరువెక్కువా?"

సీసా లాక్కుని మురుగులో పారబోశాను. పెద్దదాని చేతిలోది లాక్కోవడం జన్మలో అదే మొదలు. అయినా చుక్క మిగల్చలేదు. అత్త ఖాళీ సీసా తీసి సంచీలో పెట్టుకుంది.

పది గంటలకు డాక్టరమ్మ పిలిచింది. ఈసారి పలకతో ఆపకుండా, లోపల అయోడిన్ మందు పూసింది. బాగున్న చర్మం ముదురు గోధుమ రంగుకు తిరుగుతుందట, తేడా ఉన్న చోట రంగు పట్టదట. గరిటెకు నూనె రాస్తే పురుగు తిన్న చోటు బయటపడటం నాకు తెలిసిందే. బెల్లంబిళ్ల పాటి చోట రంగు పట్టలేదని చెప్పి, అక్కడి నుంచి గోరంత ముక్క తీసింది. చురుక్కుమంది, ఓర్చుకోగలం. భయం మాత్రం చెప్పలేనంత వేసింది.

అంతసేపూ నా చెయ్యి పట్టుకున్న అత్త ఒక్కసారిగా ఏడ్చింది. "ఆ నీళ్లు నేనే ఇచ్చినానమ్మా. నా వల్లనే వచ్చిందా?"

"పసుపు వల్ల కణాలు మారవమ్మా. ఉన్నదాన్ని కనబడనీయదు, అంతే" అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం రెండింటి బస్సుకు తిరిగి బయలుదేరాం. కోటకొండ మళ్లీ కనబడింది. అప్పుడు అత్త కిటికీ వైపు చూస్తూ అడిగింది. "ఏమ్మే, ముట్టు నిలిచిపోయిన పదేళ్లకు మళ్లీ కనబడితే, అది కూడా ఆయమ్మ చూస్తాదా?"

"ఎవరికి అత్తా?"

"నాకే. పోయిన ఉగాది నుంచి. ఆ నీళ్లతో కడుగుతానే ఉండాను."

మా ఇంట్లో ఆ గిన్నె రోజూ ఎందుకు కాగుతున్నదో నాకు అప్పుడు తెలిసింది. అత్త శుభ్రం పట్టింపు అనుకున్నాను ఇన్నాళ్లూ. మరుసటి గురువారం అదే బస్సులో, అవే ముందు సీట్లలో కూర్చున్నాం.

నా ముక్కకు మూడు వారాలకు జవాబు వచ్చింది: ఇంకా క్యాన్సరు కాలేదు, వదిలేస్తే కావచ్చు. నెల్లూరులో ఆ చోటు కోసి తీసేశారు, ఆరు నెలలకోసారి పరీక్షకు రమ్మన్నారు. అత్తకు ఉన్నది మాత్రం రాచపుండే. మద్రాసులో పుండును మాడ్చే రేడియం పెట్టారు, మనిషి సగమైంది, కానీ ఇంటికి వచ్చింది. తేడా ఉందని ఉత్తరం వస్తే చావు కబురు వచ్చినట్టు కూలబడతాం, లేకపోతే ఏదో సాకు చెప్పి మడిచి దాస్తాం. నిజానికి ఆ ఉత్తరం మళ్లీ రమ్మని పిలుపు మాత్రమే. ఆ పిలుపుకు నేను పోబట్టే అత్త నోరు తెరిచింది. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి లోపల ఏ నీళ్లతోనూ కడగకండి, ఉన్నది ఉన్నట్టుగా పోండి. ఈ మాట ఇప్పుడు మా వీధిలో ఆడవాళ్లకు చెప్పేది నేను కాదు, మా అత్త.