బుట్టలో దిగిన ఓటు

నేరేడ్‌మెట్‌లో మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ ఎన్నికకు నన్ను ఎన్నికల అధికారిని చేశారు. రిటైరై ఖాళీగా ఉండటమే నా అర్హత. ఫ్లాట్ మా ఆవిడ పేరున ఉంది కాబట్టి ఓటు ఆవిడది, చాకిరీ నాది.

లిఫ్ట్ ఆగిపోయి మూడు నెలలైంది. మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ నాలుగో అంతస్తు దిగి కూడా అన్నాళ్ళే అయింది. గెలిస్తే ముందు లిఫ్టే బాగుచేయిస్తానంది రెండో అంతస్తు టీచరమ్మ. అందుకని పోలింగ్ రోజు మా ఆవిడ ఓటు చీటీని కవర్లో పెట్టి, కూరగాయలకు దింపే తాడు బుట్టలోనే కిందికి పంపింది. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. టీచరమ్మ ఒక్క ఓటుతో గెలిచింది.

తర్వాతి ఆదివారం గేటు దగ్గర కుర్చీలు వేసుకుని జనరల్ బాడీ ఆ ఫలితాన్ని ఖరారు చేయాలి. అప్పటిదాకా కొత్త ప్రెసిడెంట్ సంతకం చెల్లదు, లిఫ్ట్ మెకానిక్ రాడు. నేను ఫలితం చదవబోయానో లేదో, అభ్యంతరాలు మొదలయ్యాయి. ఒకాయన ఒక చీటీ మీద టిక్కు బదులు సున్నా ఉందన్నాడు. ఇంకొకావిడ పోలింగ్ రాహుకాలంలో మొదలుపెట్టారంది. ప్రతిదీ రాసిమ్మన్నాను, బలపరిచే మనిషి సంతకం అడిగాను, ఒక్కొక్కటే కొట్టేశాను. నా తల వాచిపోయింది.

చివరికి ఓడిపోయిన పాత ప్రెసిడెంట్ లేచాడు. ఆయనది గ్రౌండ్ ఫ్లోర్. బుట్టను చూసి ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

"బుట్టల వచ్చిన ఓటు ఎట్ల చెల్తది సార్? మనిషి రావాలె గదా. మీ ఇంటి ఓటని ఊకుంటరా?"

పక్కనే ఉన్న ఆయన తమ్ముడు బలపరుస్తూ సంతకం పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంటి ఓటు కాబట్టి తీర్పు నేను చెప్పకూడదు, చెప్పకపోతే ఫలితం తేలదు. వాదనలు అరగంట సాగాయి.

ఇదంతా బాల్కనీలోంచి విన్నట్టుంది, మెట్ల దగ్గర మా ఆవిడ కనిపించింది. రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుని, చెమటలు కక్కుతూ.

"ఆ ఓటు నాదేనండీ. ఇదిగో, మనిషిని కూడా వచ్చాను" అంది.

పాత ప్రెసిడెంట్ అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి ఫలితం ఖరారు చేశాను. టీచరమ్మ లిఫ్ట్ కాగితం మీద సంతకానికి పెన్ను తీసింది. ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు.

"అమ్మ మంచిగనే దిగొచ్చింది గదా. మరి లిఫ్టుకు గంత తొందరేముంది? నా అభ్యంతరం రాసుకోండ్రి."

బలపరచడానికి తమ్ముడు అప్పటికే పెన్ను మూత తీశాడు. కుర్చీలో మా ఆవిడ కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.