పదమూడు నడుస్తుంది

నేను పగ తీర్చుకున్న సంగతి ఇది. క్షమించేశాను అని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ అది అబద్ధం.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో బ్లౌజులు కుడతాను. హాస్టల్ అమ్మాయిలు కుర్తాలు బిగించమని, వదులు చేయమని వస్తుంటారు. నేను చదివింది పదో తరగతి, తెలుగు మీడియం. మిగతాదంతా పంజాగుట్ట వైపున్న లైబ్రరీలో నేర్చుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గిరాకీ ఉండదు. ఆ రెండు గంటలూ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల మధ్య ఒక కుర్చీ సంపాదించి, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదువుతాను. పన్నెండేళ్లుగా ఇదే పని. గర్వంగానే చెబుతున్నాను.

కాకపోతే నా ఇంగ్లీషు కంటితో నేర్చుకున్నది, చెవితో కాదు. పుస్తకం మాటను చూపిస్తుంది గానీ పలికి వినిపించదు. ఐలాండ్ అనే మాటలో ఎస్ అక్షరం ఉంది కదా అని నేను దాన్ని 'ఇస్‌లాండ్' అనే అనుకున్నాను. మా ఆడపడుచు ఇంట్లో వ్రతం రోజు అండమాన్ మాట వస్తే, తెలిసిన ఉత్సాహంతో పైకి అనేశాను కూడా.

మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, ఒక కోచింగ్ సెంటర్‌లో కౌన్సెలర్. పొద్దుగూకేదాకా ఫోన్లో ఇంగ్లీషే. ఆమె చేతిలోని ప్రసాదం ప్లేటు కింద పెట్టి మరీ నవ్వింది.

"ఇస్‌లాండా! గిదేం ఇంగ్లీషే చెల్లే? మిషన్ తొక్కుకోక నీకెందుకీ తిప్పలు?"

ఇంటి నిండా జనం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను?

అక్కడితో ఆగి ఉంటే మరిచిపోయేదాన్నేమో. ఆమె కొడుకు నన్ను 'ఇస్‌లాండ్ చిన్నమ్మ' అనడం మొదలుపెట్టాడు. తర్వాత మా అమ్మాయి 'ఇస్‌లాండ్ జూనియర్' అయింది. ఇద్దరిదీ ఒకే స్కూలు, ఒకే బస్సు. వారం తిరగకముందే ఆ పేరు బస్సంతా పాకింది. నేను హుక్కులు కుడుతుంటే పక్కన కూర్చుని పాఠాలు గట్టిగా చదివే పిల్ల, పెదాలు కదపకుండా చదవడం మొదలుపెట్టింది. క్లాసులో టీచర్ లేపితే పుస్తకం పట్టుకుని ఊరికే నిలబడుతుందట.

వెళ్లి మా యారాలితో చెప్పాను. "పిల్లలన్నంక గట్లనే అనుకుంటరు. జర లైట్ తీస్కో" అంది.

నేను లైట్ తీసుకోలేదు.

ఆ ఏడు దసరా సెలవులకు రెండు కుటుంబాలూ కలిసి క్రూజ్‌కు పోదామన్నాడు మా బావ. చెన్నైలో ఓడ ఎక్కితే నాలుగు రోజులు సముద్రం మీదే. ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితాల కట్ట తెచ్చి మా యారాలు నా మిషన్ మీద పడేసింది.

"రెండు షిప్పులున్నయట. పిల్లలకు ఏది మంచిగుంటదో చూసి చెప్పు. మస్తు చదువుతవు కదా!"

నాలుగు మధ్యాహ్నాలు ఆ కాగితాలతో లైబ్రరీలో కూర్చున్నాను. బొమ్మలు చూసి ఓడను ఎంచుకుంటే మోసపోతామని మొదటి రోజే అర్థమైంది. నీళ్ల జారుడుబండ అన్నింటి మీదా ఉంటుంది. చూడవలసినవి వేరే ఉన్నాయి. ఏ వయసు పిల్లల్ని ఏ వయసు వాళ్లతో కలుపుతారు? పిల్లల గది ఏ వేళ మూస్తారు? గదిలోంచి బయటికి తీసుకెళ్లాలంటే ఎవరు సంతకం పెట్టాలి? పెద్ద పిల్లలకు నిజంగా చేయడానికి ఏమైనా ఉందా, నాలుగు వీడియో గేములు పెట్టి తలుపు వేస్తారా?

మొదటి ఓడలో పిల్లలకు మూడు గదులు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు విడిగా ఒకటి ఉంది. కానీ టీనేజర్ల గదిలో వీడియో గేములు తప్ప ఏమీ లేవు. రెండో ఓడలో రెండే గదులు. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా అందరూ ఒకచోట. పదమూడు నుంచి పదిహేడు దాకా టీన్ క్లబ్. అక్కడ నాటకం ఉంది, క్విజ్ ఉంది. పిల్లలే రేడియో కార్యక్రమం తయారుచేసి మైకులో ఓడంతటికీ వినిపిస్తారట. ఆ ముక్క దగ్గర నా వేలు ఆగిపోయింది. మా అమ్మాయికి పద్నాలుగు నిండాయి.

ఆఖరి పేజీలో, కింద, చీమల్లాంటి అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. వయసు అంటే ఓడ ఎక్కే రోజుకు పూర్తయిన సంవత్సరాలు.

మన ఇళ్లలో వయసు అట్లా చెప్పం. పన్నెండు నిండిన మర్నాటి నుంచే పదమూడు నడుస్తుంది. మా యారాలి కొడుకుకు పదమూడు నిండేది దీపావళి వెళ్లాక.

ఆమెకు ఫోన్ చేశాను. "అక్కా, బాబుకు ఎన్నేండ్లు?"

"పదమూడు నడుస్తుంది. ఎందుకే?"

"టీన్ క్లబ్ పదమూడు నుంచట."

"ఇంకేంది మరి, వాడు టీనే!"

"నువ్వు సుత ఒక్కసారి ఆఖరి పేజీ చదువక్కా."

"నాకు టైమ్ లేదే తల్లీ. గా ఒక్క కాగితం నువ్వు చదవలేవా?"

"చదివిన" అన్నాను. అందులో ఏముందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. రెండో ఓడ ఖాయం చేసి, ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీలే ఫారాల్లో నింపాను.

మా ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. "పాపం, వాడు చిన్న పిల్లగాడు."

"మన బిడ్డ పెద్దదా?" అన్నాను.

ఓడ ఎక్కిన గంటకు పిల్లల కౌంటర్ దగ్గర వరుసలో నిలబడ్డాం. మా అమ్మాయి చేతికి నీలం పట్టీ కట్టారు. ఆరేళ్ల మా చిన్నవాడికి నవ్వే చేప బొమ్మ ఉన్న పసుపు పట్టీ కట్టారు. మా యారాలి కొడుకు చెయ్యి చాపాడు. వాడికీ నవ్వే చేపే.

"నో నో!" మా యారాలు ముందుకు దూకింది. "హీ ఈజ్ థర్టీన్ రన్నింగ్!"

కౌంటర్‌లోని అమ్మాయి ఏ దేశపు పిల్లో. కంగారుపడి మా వెనక్కి తొంగి చూసింది. "హూ ఈజ్ రన్నింగ్, మేడమ్?"

"థర్టీన్! రన్నింగ్! రన్నింగ్!"

ఆ అమ్మాయి లేచి నిలబడి వరండా రెండు వైపులా వెతికింది. ఎవరూ పరుగెత్తడం లేదు. మా బావ అడ్డం వచ్చి, "మీన్స్, ట్వెల్వ్ కంప్లీటెడ్" అన్నాడు సాయం చేద్దామని. ఆమె ముఖం విప్పారింది. "ఎస్ సర్, ట్వెల్వ్!" అని చేప పట్టీ బిగించేసింది.

మా అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా యారాలు నా ఎదురుగా కూర్చుంది. "నీకు ముందే తెలుసు కదనే?"

"తెలుసక్కా."

"పసి పిల్లగాని మీద పగ తీర్చుకుంటవా? సిగ్గు లేదా?"

"వాని మీద కాదక్కా. నీ మీద."

బావ పెరుగన్నం వైపు చూస్తూ ఉండిపోయాడు. మా ఆయన నీళ్ల కోసం లేచి, నీళ్లున్న వైపు కాకుండా ఇంకో వైపు వెళ్లిపోయాడు.

మా చిన్నవాడిని తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఆ పిల్లవాడిని చూశాను. చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, కాగితం ప్లేటుతో చేసిన చేపకు జిగురుతో పొలుసులు అంటిస్తున్నాడు. బయటికి పోవాలంటే వాళ్లమ్మ వచ్చి సంతకం పెట్టాలి. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. జాలి వేయలేదని అనను. వేసింది. కానీ ఆ జాలి నన్ను కౌంటర్ దాకా నడిపించి, ఇంకేదైనా దారి ఉందా అని అడిగించేంత పెద్దది కాదు. మా చిన్నవాడి చెప్పులు వెతికి తొడిగి తీసుకొచ్చేశాను.

మూడో రోజు అందరం టిఫిన్ చేస్తుంటే ఓడలోని మైకుల్లో సంగీతం ఆగింది. టీన్ క్లబ్ రేడియో అన్నారు. ముందు ఎవరో అబ్బాయి మాట్లాడాడు. తర్వాత, ఇంగ్లీషులోనే, మా అమ్మాయి గొంతు వినిపించింది.

మొదటి రెండు వాక్యాలు వణికాయి. ఒక మాట దగ్గర ఆగింది, మళ్లీ మొదటి నుంచి అంది. నా చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉంది. ఆ గొంతు అంత పెద్దగా విని ఎన్ని నెలలైందో. గాలి ఎటు వీస్తుందో చెప్పింది, సాయంత్రం డాన్సు ఎక్కడో చెప్పింది. గొంతు కుదుటపడింది.

"మన పిల్లనా?" అన్నాడు బావ. మా యారాలు తల వంచి ఇడ్లీ తుంచుకుంది. ఆమె పక్కన కొడుకు చేప పట్టీని చొక్కా చేతి కిందికి తోసుకుంటున్నాడు.

చివరగా ఆ రోజు పిల్లల గదిలో బెలూన్ల ఆట ఉందని మా అమ్మాయి చదివింది. ఎవరెవరు రావచ్చో కూడా చదివింది. మూడు నుంచి, అంది. కాస్త ఆగింది. పన్నెండేళ్ల వరకు, అంది నింపాదిగా, ఒక్కో అక్షరం విడదీసి. ఆ తర్వాత, వినపడని వాళ్ల కోసం అన్నట్టు, ఆ ఒక్క వాక్యం మళ్లీ చదివింది.