టిక్కు పెట్టని గడి

కొత్తగా చేరిన అధ్యాపకులకు ఆన్‌లైన్ క్విజ్ తయారుచేయడం నేర్పే పని మా కాలేజీలో కొన్నేళ్లుగా నాదే. ప్రశ్నలు ఎలా చేర్చాలి, క్విజ్ ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలివ్వాలి అన్నీ ఒక పూటలో చెప్పేస్తాను. చివరికి అందరికీ కునుకు పట్టే వేళకు ఒక కథ చెప్పేవాణ్ణి. ఇద్దరు అక్కాచెల్లెళ్లు క్విజ్‌లో కాపీ కొట్టడం, రిపోర్టు చూసి నేను పట్టుకోవడం. అది మొదలుపెట్టగానే అందరూ సర్దుకుని కూర్చునేవారు. నవ్వేవారు.

ఆ కథ నిజం కాదు. నిజమనుకునే చెప్పాను, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి కూడా దాచకుండా రాస్తాను.

నేను చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. కాపురం తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో. కరోనా వచ్చి కాలేజీ మూసేశాక పాఠాలన్నీ ఇంట్లోనే రికార్డు చేసి, కాలేజీ వెబ్‌సైటులోని క్లాసు పేజీలో పెట్టాల్సి వచ్చింది. దర్శనాలు మళ్లీ మొదలయ్యాక మా వీధిన యాత్రికుల వ్యాన్లు ఎక్కువయ్యాయి. మలుపు తిరిగి కొండ కనపడగానే లోపలున్నవాళ్లంతా ఒక్క గొంతుతో గోవిందా అంటారు. అది పాఠంలో పడకూడదని, వ్యాను చప్పుడు వినగానే రికార్డింగ్ ఆపి, అది దాటిపోయాక మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. అయిన తర్వాత మొదటి నుంచి విని చూసుకునే ఓపిక ఉండేది కాదు.

అలా చేసిన పాఠాల్లో ఒకటి మధ్యగతం మీద. పెద్ద విషయమేమీ కాదు. తొమ్మిది మామిడికాయల్ని బరువు ప్రకారం వరసగా పేరిస్తే నడిమి కాయ బరువే మధ్యగతం. పది కాయలైతే నడుమ రెండు మిగులుతాయి. ఆ రెంటి బరువూ కలిపి సగం చేయాలి. పదో తరగతి పిల్లలకు కూడా ఉన్న పాఠమే.

దాని మీద పెట్టిన క్విజ్‌లో ఎంచుకునే జవాబులు లేవు. అంకె టైపు చేయాలి. ఒక్కసారే రాయాలి. గడువు ఒక పగలంతా ఇచ్చాను, ఎవరికి ఫోను ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి. క్విజ్ తయారుచేసే పేజీలో కిందుగా కొన్ని గడులుంటాయి. రాసినవాళ్లకు మార్కులు చూపించవచ్చా, సరైన జవాబు చూపించవచ్చా అని. మార్కులకు టిక్కు పెట్టాను. సరైన జవాబుకు పెట్టలేదు. ముందు రాసినవాళ్లు చూసి తక్కినవాళ్లకు చెప్పేస్తారని భయం. గడువు తీరాక పెట్టవచ్చు, అందుకు అక్కడే ఇంకో గడి ఉంది. దాని జోలికీ పోలేదు.

మర్నాడు రిపోర్టు తెరిస్తే క్లాసు దాదాపు అంతా మధ్యగతం లెక్కలు సరిగ్గా చేసింది. నా పాఠం అంత బాగా ఎక్కిందని సంతోషపడ్డాను. ఇద్దరి జవాబులు మాత్రమే తప్పు. మూడు లెక్కలూ తప్పు, మూడింట్లో ఇద్దరివీ అవే అంకెలు. రాసింది ఒకే ఫోనులో. ఒకరు ముగించిన వెంటనే రెండోవారు మొదలుపెట్టారు. కార్వేటినగరం దగ్గరి పల్లె నుంచి వచ్చే అక్కాచెల్లెళ్లు, ఏడాది తేడాతో పుట్టి ఒకే క్లాసులో చదువుతున్నవాళ్లు.

ఇంకేం చూడాలి అనుకున్నాను. ఇద్దరికీ క్విజ్ మొత్తానికే సున్నా వేసి, పేర్ల పక్కన కాపీ అని రాశాను. ఊరుకోకుండా క్లాసు వాట్సాప్ గ్రూపులో వాళ్ల పేర్లతో సహా పెట్టాను, మిగతావాళ్లకు భయముండాలని. ఆ గ్రూపులో వాళ్ల పేరిట ఉన్న నంబరు వాళ్ల నాయనది.

రెండు రోజులకు ఆయన కూతుళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు. పాఠాలు ఇంటి నుంచే అయినా మేం వంతులవారీగా కాలేజీకి పోతున్న రోజులు, కాయలు కోసే కాలం. మామిడి సొనకు కాలి, చేతులు నల్లగా పొరలు రేగి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బిడ్డలు ఏం చేసినారు సార్?"

"ఒకరిది సూసి ఒకరు రాసినారప్పా. అదే ఫోను, అవే తప్పులు. ఈడ అంతా కనబడతా ఉండాది, సూడు" అని కంప్యూటర్ ఆయన వైపు తిప్పాను.

ఆయన దాన్ని చూడలేదు. "ఇంట్లో ఉండేదే ఒక ఫోను సార్. నేను తోట నించి కూటికొస్తేనే అది వాళ్లకి అందేది. ఒకరైనాక ఒకరు రాయాల్సిందే కదా."

"రాయొచ్చు. జవాబులు కూడా ఒకరైనాక ఒకరికి పోతే ఎట్ల?"

పెద్దమ్మాయి అప్పుడు నోరు విప్పింది. "మేము సూసుకోల్యా సార్. మీరు చెప్పినట్లే చేసినాం."

"నేను కాపీ కొట్టమని చెప్పినానా?" అన్నాను.

పక్క బల్ల దగ్గరి క్లర్కు పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చిన్నమ్మాయి ఏడ్చింది. వాళ్ల నాయన ఇద్దర్నీ చూడకుండా, "పదండి. ఇంగ ఫోను ముట్టండి, చెప్తా మీ కత" అని ముందు నడిచాడు. తర్వాతి రెండు క్విజ్‌లూ ఆ అమ్మాయిలు రాయలేదు. తప్పు బయటపడింది కాబట్టి మొహం చెల్లడం లేదనుకున్నాను.

ఏడాది చివరి పరీక్షలు రాసి ఇద్దరూ పాసై వెళ్లిపోయారు. నాకు మాత్రం ట్రైనింగ్‌లో చెప్పుకోవడానికి ఒక కథ మిగిలింది.

పోయిన ఏడాది పాత పాఠాల్ని శుభ్రంచేసి మళ్లీ వాడుకుందామని డిపార్టుమెంటులో అనుకున్నాం. వ్యాన్ల చప్పుడు మిగిలిన చోట్ల కత్తిరించడానికి, మొదటిసారిగా నా పాఠాల్ని నేనే విన్నాను. మధ్యగతం పాఠంలో నా గొంతు ఇలా అంటోంది: "నడుమ రెండు వచ్చినప్పుడు మొదటిది తీసుకోండి." ఆ వెనకే దూరంగా ఒక వ్యాను చప్పుడు. కట్. మళ్లీ నా గొంతు: "ఇప్పుడు బాహుళకం అంటే ఏమిటో చూద్దాం."

మొదటిది తీసుకోండి, దానికి రెండోది కలపండి, సగం చేయండి అని చెప్పాల్సినవాణ్ణి. వ్యాను దాటిపోయేదాకా ఆగి, చెప్పేశాననుకుని తర్వాతి అంశంలోకి వెళ్లిపోయాను.

పాత క్విజ్ తెరిచాను. ఆ ఇద్దరూ మూడు లెక్కల్లోనూ నడిమి రెండింట్లో మొదటిదే రాశారు. నేను చెప్పినట్లే. పక్కనే పాఠానికి కూడా ఒక రిపోర్టు ఉంటుంది, ఎవరు ఎంతవరకు విన్నారో చెప్పేది. ఆ వారం దాన్ని నేను తెరవనే లేదు. క్విజ్‌కు ముందు ఆ పాఠం చివరిదాకా విన్నది ఆ ఇద్దరే.

మరి తక్కినవాళ్లకు సరైన జవాబు ఎలా తెలిసింది? ఆ బ్యాచ్ కుర్రాడొకడు చిత్తూరు బస్టాండులో కనబడితే అడిగాను. వాడు సిగ్గుపడుతూ నవ్వాడు. "ఇంగ చెప్తే ఏముంది సార్. ఒకడు వాళ్లన్న చేత చేయించి మీరు లేని మా గ్రూపులో ఏసినాడు. అందురం అవే కొట్టేసినాం. వాళ్లిద్దురు ఆ గ్రూపులో లేరు. ఫోను వాళ్ల నాయనది కదా, ఎవురు కలుపుతారు?"

క్లాసంతా కాపీ కొట్టింది. కొట్టని ఇద్దర్ని నేను పట్టుకున్నాను.

ఇది తెలిశాక నేను చేసిన పని, ఆ పాఠాన్ని మళ్లీ రికార్డు చేసి పాతదాన్ని తీసేయడం. ఎవరికీ చెప్పలేదు. సెలవుల తర్వాత మళ్లీ ట్రైనింగ్ వచ్చింది. చివర్లో ఒక పాత అధ్యాపకుడు, "సార్, ఆ అక్కాచెల్లెళ్ల కత చెప్పండి, వీళ్లు వినల్యా" అన్నాడు. తోసిపుచ్చడానికి ఒక మాట చాలు. నేను కథ చెప్పాను. ఎప్పటిలాగే, అదే చోట ఆగి, అదే చోట గొంతు మార్చి చెప్పాను. అందరూ నవ్వారు.

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను.

"వాళ్లు పాసై పోయినారు కదప్పా. ఇప్పుడెందుకు తవ్వేది?" అన్నాడాయన.

"వాళ్ల పేర్ల పక్కన కాపీ అని ఇంకా ఉండాది సార్."

"ఉంటే కొట్టేయి. మార్కులు దిద్దుకో, నేనేం వద్దనను. కాలేజీ తరఫున కాగితాలు మాత్రం అడగొద్దు. పోయి చెప్తావా, నీ ఇష్టం."

మార్కులు దిద్దాను, ఆ మాట తీసేశాను. అది నా బల్ల దగ్గర కూర్చుని చేసే పని, సులువుగానే అయింది. ఆదివారం వాళ్ల పల్లెకు బయల్దేరాను. ఇంటి దగ్గర ఆయన లేడు, మండీలో ఉన్నాడని చెప్పారు. మండీలో తోతాపురి కాయల గుట్టల మధ్య ఆయన్ని గుర్తుపట్టి, నిలబడే జరిగిందంతా చెప్పాను. కాయలు ఏరే ఆయన చేయి ఆగలేదు.

"నాకు సదువు రాదు సార్" అన్నాడు చివరికి. "ఆ పొద్దు ఫోనులో ఏదో వచ్చిందని ఈ గుమాస్తాకిచ్చి సదవమన్నా. ఇతను గట్టిగా సదివినాడు. ఈడుండే వాళ్లందురూ ఇన్నారు. నీ కూతుర్లు భలే తెలివైనోళ్లప్పా అని మూడేండ్లుగా అంటానే ఉండారు. ఇప్పుడు మీరొచ్చి నా చెవిలో చెప్తే ఎట్ల?"

నేను గుమాస్తా దగ్గరికి పోయి చెప్పాను. అతను తల ఎత్తి, "ఏంది సార్, ఇంకొంచెం గట్టిగా" అన్నాడు. వినపడకనో, కావాలనో తెలియదు. గట్టిగానే చెప్పాను. ఆ పిల్లలు కాపీ కొట్టలేదు, తప్పు నాది, నేను పాఠం సగమే చెప్పాను అని. తూకం వేసేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన, "అయితే అయివారే ఫెయిలా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ల నాయన నవ్వలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇంటికి పదండి. బిడ్డతో చెప్పండి" అన్నాడు.

ఇంటికి పోగానే ఆయన తల్లి నన్ను నిలబెట్టి కడిగేసింది. "నన్నొక మాట అడిగింటే చెప్పనా సామీ? నీ పరీచ్చ అని పెద్దదాన్ని లోపలేసి గొళ్లెం పెట్టినా. చిన్నదాన్ని మేకల కాడికి తోలినా. పెద్దది బయటికొచ్చినాక చిన్నదాన్ని పిల్సినా. పక్కపక్కన కూసోవద్దని నువ్వే చెప్పినావంట కదా!"

"చెప్పినాను అవ్వా."

"మరి?"

ఆమె లోపలికి పోయి మజ్జిగ తెచ్చి, తాగమని మాత్రం చెప్పి, నా మొహం చూడకుండా కూర్చుంది.

చిన్నమ్మాయి తిరుపతిలో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. వాళ్ల నాయన ఫోను కలిపి నాకిచ్చాడు. నేను చెప్పిందంతా విని, "మా అక్క ఆ పొద్దే చెప్పింది కద సార్" అని పెట్టేసింది.

పెద్దమ్మాయి పక్కింటి వసారా నుంచి వచ్చింది. అక్కడ బడి పిల్లలకు లెక్కలు చెబుతోందట. చేతికి సుద్దముక్క పొడి అంటుకునే ఉంది. నేను మొదటి నుంచి చెప్పాను. క్షమించమని అడిగాను. ఆమె నన్ను ఒకటే అడిగింది.

"అయితే సరైన జవాబు ఏంది సార్?"

అర్థం కాలేదు నాకు.

"మార్కులు మాత్రమే వచ్చినాయి సార్, జవాబు యాడా చూపించల్యా. ఎందుకు తప్పని రోజూ సూసినా. నాయన ఫోను తీసుకున్నాక అదీ లేదు. టైపు చేసేటప్పుడు ఏదో పొరపాటు పడిందేమో అనుకున్నా. ఇద్దురికీ ఎట్ల పడుతాదా అని మా చెల్లెలంటా ఉండె."

గడువు తీరాక పెట్టాల్సిన టిక్కు గుర్తొచ్చింది. వసారా చివర మండీకి పోని కాయలు నాలుగు పడి ఉంటే తెచ్చి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పెట్టాను. నడిమి రెంటినీ దగ్గరికి జరిపి, కలిపి సగం చేయాలి అన్నాను. మూడేళ్ల కింద ఆగిపోయిన వాక్యం పూర్తయింది.

ఆమె ఆ కాయల్నే చూస్తూ కూర్చుంది. "పదో క్లాసు పిల్లలకి నేను మొదటిదే తీసుకోమని చెప్తా ఉండాను సార్. మీరు చెప్పినట్లే" అంది మెల్లగా. "పుస్తకంలో వేరేగా ఉండాదే అక్కా అని ఒకడు అడిగినాడు మొన్న. మా సారు చెప్పినాడ్రా, నువ్వు నోరు మూసుకో అన్నాను."

నేనేదో అనబోయాను. ఆమె అప్పటికే లేచి చెంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"ఉండండి సార్, వాళ్లింకా ఆడే ఉండారు" అని నాలుగు కాయలూ చెంగులో వేసుకుని పక్కింటికి పోయింది. గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఒరేయ్, ఆ పొద్దు అడిగినోడు ఎవడ్రా? నువ్వు చెప్పిందే కరెక్టు. నేను తప్పు చెప్పినా. అందురూ నోట్సులో రాసింది కొట్టేయండి."