నేను సగమే చెప్పిన జపాన్

జపాన్ బళ్లో ప్రిన్సిపాల్ కూడా మోకాళ్ల మీద కూర్చుని నేల తుడిచేవాడు. ఆ మాట చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు. దానివల్ల మా బళ్లో ఆయమ్మ పని పోయింది. ఆమె బద్ధకం చూసి తీసేశారని ఇప్పటికీ కొందరంటారు. కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల నడిమి కాలం. గురజాలలో చర్చి బళ్లో నేను ఇంగ్లీషు మాస్టర్ని. చర్చి పెద్దల పుణ్యాన జపాన్‌లో ఒక చిన్న ఊరి బళ్లో ఏడాదిపాటు ఇంగ్లీషు చెప్పే అవకాశం వచ్చింది. వెళ్లాక విసుగే మిగిలింది. పొద్దున్నే టీచర్లంతా నిలబడి మీటింగు పెట్టుకునేవాళ్లు, నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. సాయంత్రం పనైపోయినా వైస్ ప్రిన్సిపాల్ లేచేదాకా ఎవరూ కుర్చీ వదలరు. దిద్దిన పేపర్లనే మళ్లీ తిరగేస్తూ కూర్చుంటారు. పిల్లలతో ఇంగ్లీషు నాటకం వేయిస్తానన్నాను. వద్దని ఎవరూ అనలేదు, వేయనివ్వనూ లేదు.

భోజనాలయ్యాక గంట కొట్టగానే పిల్లలూ టీచర్లూ తలకు గుడ్డలు కట్టుకుని వరండాలు తుడిచేవారు. నేను చీపురు పట్టబోతే "మీరు అతిథి, కూర్చోండి" అని లాక్కునేవారు. మొదట్లో అవమానంగా ఉండేది. తర్వాత నా కుర్చీ కింద తుడవడానికి వీలుగా కాళ్లు పైకెత్తడం అలవాటైంది. ఇంతమంది తుడిచినా మరుగుదొడ్లకూ కాలవలకూ రిపేర్లకూ జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారు.

అక్కడున్నన్నాళ్లూ తిట్టుకున్న బడిని, తిరిగొచ్చాక స్టాఫ్ మీటింగులో ఆకాశానికెత్తాను.

"అక్కడ పిల్లలే బడి ఊడుస్తారండీ" అన్నాను.

బడి వ్యవహారాలు చూసే కరస్పాండెంటు ముందుకు వంగాడు. "అయితే ఆయమ్మలు ఉండరా?"

ఆయమ్మ అప్పుడే మా ముందు టీ గ్లాసులు పెడుతోంది. నేను నోరు తెరవబోయాను. పక్కనున్న లెక్కల మాస్టారు నా తొడ గిల్లాడు. "ఏంది బావా, మా చేత గూడా చీపురు పట్టిస్తావా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

మరుసటి నెల ఆయమ్మను రావద్దన్నారు. క్లాసుకు రెండు చీపుర్లు వచ్చాయి. మొదటి వారం అందరి చేతుల్లో తిరిగాయి. తర్వాత ఊరవతల దళితుల పాలెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లల చేతుల్లోనే ఆగిపోయాయి. షావుకారు కొడుకు "మా నాయన వద్దన్నాడు సార్" అనేవాడు. పాలెం పిల్లల నాయనలకు కూలి మానుకుని వచ్చి వద్దనే వీలు లేదు. చివరికి మరుగుదొడ్లూ ఆ పిల్లల మెడకే చుట్టారు. నాకు ఒళ్లు మండి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాను.

"నువ్వు తెచ్చిన పద్ధతే గదయ్యా. ఇప్పుడు నీకేంది నొప్పి?" అన్నాడాయన.

జవాబు నా దగ్గరుంది. అయినా చెప్పకుండా క్లాసుకు వెళ్లిపోయాను. ఆయన మీద కోపమో, నా మీద కోపమో, ఆ రోజు పిల్లల మీద అరిచాను.

ఎండాకాలంలో ఒక మిరప కల్లం పక్కనుంచి వెళ్తుంటే ఆయమ్మ కనిపించింది. ముక్కుకు కొంగు చుట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఘాటుకు కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏం మాస్టారూ, మీ జపానోళ్లు బాగుండారా?" అంది.

అక్కడే నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆమె చేతిలో కాయలు కింద పడేసింది.

"చానా బాగుంది. నాకు జెప్తే ఏందంట? ఆ పొద్దు టీలు తాగిన కాడ జెప్పు. నేనూ వచ్చి ఇంటా."

బడి తెరిచాక మొదటి మీటింగుకు ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె పని తిరిగి వస్తుందన్న ఆశ నాకు లేదు. లేచి నిలబడ్డాను. లెక్కల మాస్టారు చొక్కా పట్టి లాగాడు. కూర్చోకుండా కరస్పాండెంటు వైపు తిరిగాను.

"జపాన్‌లో ఆ బడికి జీతం తీసుకునే పనివాడు ఉన్నాడండీ. పిల్లలతో పాటు ప్రిన్సిపాలూ తుడిచేవాడు. తుడవకుండా కూర్చున్నది నేనొక్కణ్నే. ఆ రోజు మీరు అడిగితే నవ్వి ఊరుకున్నాను."

తర్వాత గుమ్మం వైపు తిరిగాను.

"అమ్మా, నీ పని పోయింది నా వల్లే. నీ ఎదురుగానే అడిగినా చెప్పలేదు. నన్ను క్షమించు."